హీమోఫీలియాకి జీన్ థెరపీ ట్రయల్‌లో చేరాలా? ఒక ట్రయల్‌లో ఉండి వచ్చినవాడిగా నా సమాధానం

చెల్లె, నువ్వు రాసింది మొత్తం చదివాను. మీ తమ్మునికి 24 ఏళ్లు, సివియర్ హీమోఫీలియా ఎ, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ ఒంట్లో దాదాపు లేదు. కుడి మోకాలు ఇప్పటికే పాడైంది. ఒక పెద్ద ఆసుపత్రిలో జీన్ థెరపీ ట్రయల్ గురించి, అంటే ఆ ప్రొటీన్ తయారుచేసే జీన్‌ని ఒంట్లోకి చేర్చే కొత్త చికిత్సను పరీక్షించడం గురించి చెప్పారు. ఒక్కసారి ఎక్కిస్తే మళ్లీ ఫ్యాక్టర్ అవసరం లేకపోవచ్చు అన్నారు. తమ్ముడు రేపే వెళ్దామంటున్నాడు, అమ్మేమో నా కొడుకు మీద ప్రయోగాలు చేస్తారా అని ఏడుస్తోంది. ఇద్దరి మధ్యా నువ్వు నలిగిపోతున్నావు. చివర్లో నీ పెళ్లి సంగతి, ఈ జబ్బు జీన్ నీలోనూ ఉందా అన్నది కూడా అడిగావు, దానికీ జవాబు రాస్తాను.

నాది హనుమకొండ. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. నాదీ సివియర్ హీమోఫీలియా ఎ. నేను జీన్ థెరపీ తీసుకోలేదు. ఫిటుసిరాన్ అనే మందు ఇంకా పరీక్షల్లో ఉన్నప్పుడు దాని మూడో దశ ట్రయల్‌లో చేరాను, తర్వాత కూడా కొన్నేళ్లు అందులోనే కొనసాగాను. డాక్టర్ని కాదు. సంతకం పెట్టే చోట కూర్చున్నవాడికి ఏం తెలిసి ఉండాలో మాత్రం నాకు తెలుసు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. చేరడం తప్పు కాదు. కానీ నయమైపోతుందన్న ఆశ ఒక్కటే పెట్టుకుని చేరకూడదు. ఎవరికీ ఇంకా జవాబు తెలియని ప్రశ్న ఉంటుంది కాబట్టే ట్రయల్ పెడతారు. ఆ జవాబు మీ తమ్మునికి అనుకూలంగా రావచ్చు, రాకపోవచ్చు. రాకపోయినా అతని వైద్యానికి లోటు లేకుండా ఏర్పాట్లు ఉన్నాయా అన్నది చూసుకుని నిర్ణయం తీసుకోవాలి. కింద నేను రాసేదంతా దాని గురించే.

ముందు అమ్మ భయం. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఊరికే వచ్చిన భయం కాదది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల అమ్మాయిలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామందికి తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుబట్టింది. 2017లో జమ్మికుంట వైపు కుర్రాళ్లు డబ్బు కోసం బయటి రాష్ట్రాలకు మందుల పరీక్షలకు వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకున్న వార్తలు మన పేపర్లన్నిట్లో వచ్చాయి. మీ అమ్మ మనసులో ఉన్నది ఇవే అయ్యుంటాయి.

మీ తమ్ముడికి చెప్పింది మాత్రం వేరే రకం. ఆ కుర్రాళ్లు వెళ్లినవి జబ్బు లేనివాళ్ల మీద చేసే పరీక్షలు, వాటికి వెళ్లినందుకు డబ్బిస్తారు. జబ్బు ఉన్నవాళ్ల ట్రయల్‌లో వైద్యం, పరీక్షలు ఉచితం, దారి ఖర్చులు ఇస్తారు. నాకైతే చేరినందుకంటూ డబ్బేమీ ఇవ్వలేదు. ఎవరైనా మధ్యవర్తి వచ్చి ఇంత ముట్టజెప్తాం అంటే అక్కడికక్కడే వద్దనండి. ఇంకో పని కూడా చేయొచ్చు. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్‌నూ కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ నడిపే సీటీఆర్ఐ అనే ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. ట్రయల్ నంబర్ అడిగి తీసుకో. ఏ ఆసుపత్రులు, ఎంతమంది పేషెంట్లు, ఏ దశ, పేషెంట్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అన్నీ అందులో ఉంటాయి. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూపించు. మా ఇంట్లో గొడవ సగం అలాగే తగ్గింది.

ఇక నా అనుభవం. నాకు ఇన్హిబిటర్, అంటే ఎక్కించిన ఫ్యాక్టర్‌ని పనిచేయనివ్వని యాంటీబాడీ, లేదు. బ్లీడ్ వచ్చినప్పుడు, అంటే ఒంటి లోపల, ఎక్కువగా కీళ్లలో రక్తం కారినప్పుడు, ఫ్యాక్టర్ 8 ఎక్కించుకోవడమే తెలుసు. చీలమండ, మోచేయి మాటిమాటికీ వాచేవి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫ్యాక్టర్ ఉచితంగానే ఇచ్చేవారు కానీ స్టాక్ అయిపోయిన రోజుల్లో ఐస్ పెట్టుకుని నొప్పి భరించడం తప్ప దారి ఉండేది కాదు. ఆ బాధ మీ ఇంట్లోవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ట్రయల్ సంగతి తెలియగానే మా అమ్మానాన్నా దేవుడే దారి చూపించాడన్నారు. అప్పుడు మాలో ఎవరికీ తలకెక్కని విషయం ఏంటంటే, చేరిన ప్రతి ముగ్గురిలో ఇద్దరికే కొత్త మందు. మూడో మనిషికి 9 నెలల పాటు పాత పద్ధతే, బ్లీడ్ వస్తే ఫ్యాక్టర్. ఎవరికి ఏదన్నది డాక్టర్ చేతిలో ఉండదు, కంప్యూటర్ నిర్ణయిస్తుంది. నేను ఆ మూడో మనిషినయ్యాను.

ఆ 9 నెలల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. రక్తం ఇస్తున్నావు, ప్రతి బ్లీడ్‌నూ డైరీలో రాస్తున్నావు, సెలవు పెట్టుకుని వేరే రాష్ట్రానికి రైల్లో వెళ్తున్నావు, కానీ నీ ఒంట్లో మార్పేమీ లేదు. చుట్టాలు ఇంకా తగ్గలేదా అని అడుగుతారు. ఇంట్లోవాళ్లు డాక్టర్ మీద అనుమానపడతారు. మా నాన్న మానేసి వచ్చెయ్ అన్నాడు. మానెయ్యొచ్చు కూడా. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా బయటికి రావొచ్చు, దాని వల్ల అదే ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆగదు. ఆ హక్కు ఉందని తెలియడం వల్లే నేను ఉండగలిగాను. మందు పనిచేస్తుందో లేదో తేలాలంటే మందు లేకుండా ఏమవుతుందో కూడా ఎవరో ఒకరి ఒంటి మీద చూడాలి. ఆ పని నాకు వచ్చింది. 2023లో ఆ ట్రయల్ ఫలితాలు లాన్సెట్ హెమటాలజీ అనే వైద్య పత్రికలో వచ్చాయి. కొత్త మందు తీసుకున్నవాళ్లలో 100కి 51 మందికి చికిత్స చేయాల్సిన బ్లీడ్ ఒక్కటీ రాలేదు. నాలాంటి వాళ్లలో 100కి 5 మందికి. ఆ రెండో లెక్కలో నా డైరీ కూడా ఉంది, అందుకు నాకు చాలా సంతోషం.

జీన్ థెరపీ ట్రయల్స్‌లో ఇలా రెండు గుంపులు చేయడం తక్కువ. కానీ చాలావాటిలో మందు ఎక్కించే ముందు కొన్ని నెలలు ఊరికే గమనించే దశ ఉంటుంది. అది ఉందా, ఎంతకాలం, ఆ టైంలో ఫ్యాక్టర్ ఎవరిస్తారు అన్నది ముందే అడగండి.

తర్వాతి దశలో నాకూ మందు మొదలైంది. నెలకోసారి పొట్ట మీద చర్మం కింద చిన్న ఇంజెక్షన్. కొన్ని నెలలకు బ్లీడ్లు దాదాపు ఆగిపోయాయి. వరుసగా క్లాసులు నిలబడి చెప్పి సాయంత్రం కుంటకుండా ఇంటికి నడిచి రావడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు. మేడారం జాతరకి జనంలో నడిచి గద్దెల దాకా వెళ్లాను. ఆ మందు విలువ నాకు తెలుసు, దాన్ని తక్కువ చేసి చెప్పను.

అది పనిచేసే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం అందులోనే ఉంది. రక్తం మరీ ఎక్కువ గడ్డకట్టకుండా మన ఒంట్లో యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్ బ్రేకులా ఉంటుంది. మనకు ఫ్యాక్టర్ 8 లేక బండి కదలదు. ఫిటుసిరాన్ ఆ ఫ్యాక్టర్‌ని ఇవ్వదు, కాలేయంలో యాంటీథ్రాంబిన్ తయారీని తగ్గించి బ్రేకును వదులు చేస్తుంది. బ్రేకు వదులైన మనిషికి పాత అలవాటు ప్రకారం ఫుల్ డోస్ ఫ్యాక్టర్ ఇస్తే రక్తం అవసరం లేని చోట గడ్డకడుతుంది. 2017లో ఈ మందు ట్రయల్‌లో ఒకరు అలాగే చనిపోయారు. తలనొప్పితో వస్తే స్కాన్ చూసి మెదడులో రక్తస్రావం అనుకుని ఫ్యాక్టర్ మీద ఫ్యాక్టర్ ఇచ్చారు. నిజానికి మెదడు సిరలో గడ్డ ఉంది. ఆ తర్వాత ట్రయల్ ఆపి, బ్లీడ్ వస్తే ఫ్యాక్టర్ ఎంత తక్కువ ఇవ్వాలో కొత్త నియమాలు పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. నేను చేరింది ఆ తర్వాత. చేరే ముందే డాక్టర్ ఈ మరణం గురించి నాకు చెప్పారు. చెప్పారు కాబట్టే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. మీ తమ్ముడి ట్రయల్ డాక్టర్‌ని కూడా ఈ చికిత్సలో ఇప్పటిదాకా ఎవరికైనా ప్రాణాపాయం జరిగిందా అని సూటిగా అడుగు. ఆయన ఎలా జవాబిస్తాడో బట్టి నీకే అర్థమవుతుంది.

ఒక రాత్రి నా చీలమండ వాచింది. దగ్గర్లోని ఒక ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాం. డ్యూటీ డాక్టర్ ఫైల్‌లో హీమోఫీలియా అని చూడగానే పాత డోస్ రాశారు. నేను ట్రయల్ కార్డు చూపించి, వద్దు, తక్కువ ఇవ్వాలి, ముందు ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అన్నాను. పేషెంట్ తనకు వైద్యం నేర్పిస్తున్నాడని ఆయనకు కోపం వచ్చింది. మా ఆవిడ పట్టు వదలకుండా ఫోన్ కలిపి ట్రయల్ డాక్టర్‌తో మాట్లాడించింది. అక్కడితో సర్దుకుంది. ఇందులో ఆ డాక్టర్ తప్పు కన్నా నాకు కనిపించింది ఇంకోటి. ట్రయల్ ఎక్కడో పెద్ద నగరంలో జరుగుతుంది, మనిషి బతికేది ఇక్కడ. జ్వరమొచ్చినా, బండి మీద నుంచి పడినా, కడుపునొప్పి వచ్చినా ముందు చూసేది వరంగల్‌లోనో, పరకాలలోనో, జమ్మికుంటలోనో ఎవరో ఒకరు. అందుకే చేరకముందే మీ ఊరికి దగ్గర్లో ఒక డాక్టర్‌ని మాట్లాడి పెట్టుకోండి. ట్రయల్ డాక్టర్ నుంచి ఆయనకు ఉత్తరం తెప్పించండి. ఇంట్లో కనీసం ఇద్దరికి ఆ కార్డులో ఏముందో నోటికి రావాలి.

2020 అక్టోబర్‌లో ట్రయల్ మళ్లీ ఆగింది. ఇంకొందరిలో గడ్డలు కనిపించాయి. మందు ఆపేశారు, మళ్లీ మొదలవుతుందో లేదో కొంతకాలం ఎవరూ చెప్పలేకపోయారు. నడక వచ్చాక మళ్లీ కుంటాల్సి వస్తుందేమోనన్న టెన్షన్‌తో నాకు నిద్ర పట్టేది కాదు. డోస్ తగ్గించి, యాంటీథ్రాంబిన్ స్థాయి 15 నుంచి 35 శాతం మధ్య ఉండేలా చూసుకుంటూ తిరిగి మొదలుపెట్టారు. 2025 మార్చిలో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది, రక్తపు గడ్డలు, పిత్తాశయం సమస్యల గురించి గట్టి హెచ్చరికతో. నాకు ఒకసారి లివర్ పరీక్షలో ఎంజైములు పెరిగి తగ్గాయి, అంతకుమించి ఏమీ కాలేదు.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతికొద్దాం. నా మందు ఆపితే కొన్ని నెలల్లో ఒంట్లోంచి దాని ప్రభావం పోతుంది. జీన్ థెరపీని వెనక్కి తీసుకోలేం. నేను జీన్ థెరపీ విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త చెప్పేది ఇందుకే. నువ్వు ఏ రకమో రాయలేదు, రెండు రకాలున్నాయి, రెండింటి కష్టాలు వేరు.

మొదటిది ఏఏవీ అనే వైరస్‌ని వాహనంగా వాడి, ఫ్యాక్టర్ 8 జీన్‌ని సెలైన్‌లా ఎక్కించి కాలేయానికి చేర్చేది. ఈ రకంలో రోక్టావియన్ అనే మందుకు యూరప్‌లో 2022లో, అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. బ్లీడ్లు బాగా తగ్గాయి. కానీ మొదటి ఏడాది వచ్చిన ఫ్యాక్టర్ స్థాయి తర్వాతి ఏళ్లలో తగ్గుతూ పోయింది, కొందరు మళ్లీ ఫ్యాక్టర్‌కో వేరే మందుకో వచ్చారు. కాబట్టి జీవితాంతం అన్న మాట పట్టుకుని లెక్కలు వేసుకోవద్దని తమ్ముడికి చెప్పు. ఒకసారి ఎక్కించాక ఆ వైరస్ మీద ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, రెండోసారి అదే ఇవ్వడం కుదరదు. ముందే యాంటీబాడీలు ఉన్నవాళ్లను చాలా ట్రయల్స్‌లో అసలు తీసుకోరు, అంటే రక్తపరీక్ష అయ్యేదాకా చేరతాడో లేదో కూడా తెలియదు. ఆ పరీక్ష ఫలితం రాకముందే ఉద్యోగం మానెయ్యడం లాంటివి చేయనివ్వకు. లివర్ ఎంజైములు పెరిగితే నెలల తరబడి స్టెరాయిడ్లు వాడాల్సి రావచ్చు. మద్యం కనీసం ఏడాది పూర్తిగా మానాలి. మన దగ్గర దసరాకి, చుట్టాలింట్లో దావత్‌కి ఒక గ్లాసు కల్లు వద్దంటే తప్పుగా అనుకుంటారు. ఏడాదంతా వద్దు అనగలడా అన్నది మీ తమ్ముడు నిజాయితీగా తేల్చుకోవాలి, ఇంట్లోవాళ్లూ అతని చేతికి గ్లాసు ఇవ్వకూడదు.

రెండోది వెల్లూరు సీఎంసీలో చేసింది. పేషెంట్ రక్తంలోంచి రక్తకణాలను తయారుచేసే మూలకణాలు తీసి, లెంటివైరస్ అనే వేరే వైరస్ ద్వారా జీన్ చేర్చి, తిరిగి ఎక్కిస్తారు. 2024 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. ఐదుగురు పేషెంట్లు, 22 నుంచి 41 ఏళ్ల వాళ్లు. చికిత్స తర్వాత గమనించినంత కాలంలో వాళ్లకు బ్లీడ్లు లేవు. మన దేశంలో, మనలాంటి వాళ్ల మీద ఇది జరిగిందంటే నాకు కళ్లు చెమర్చాయి. కానీ లెక్కల మాస్టారుగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కాలం ఐదుగురిదీ కలిపితే 81 నెలలు. సగటున ఒక్కొక్కరికి ఏడాదిన్నర కూడా కాదు. అంతకుమించి ఏమవుతుందో కాలమే చెప్పాలి. ఈ పద్ధతిలో కణాలు తిరిగి ఎక్కించే ముందు గట్టి కీమోథెరపీ ఇస్తారు. జుట్టు ఊడుతుంది, రక్తకణాలు పడిపోతాయి, ఇన్ఫెక్షన్ భయంతో వారాల పాటు ఆసుపత్రిలో ఉండాలి. పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. పెళ్లికాని అబ్బాయి కాబట్టి వీర్యం ముందే భద్రపరచడం గురించి, దాని ఖర్చు ఎవరిది అనే దాని గురించి సిగ్గుపడకుండా అడగమను. అమ్మ ముందు అడగలేడు, కాబట్టి ఆ మాట కోసం డాక్టర్ దగ్గరికి ఒక్కణ్ణే పంపించండి. వేరే జబ్బుకి ఇలాంటి వైరస్‌తోనే చేసిన చికిత్సలో కొందరు పిల్లలకు తర్వాత రక్త క్యాన్సర్ వచ్చింది. అందుకే ఈ పద్ధతిలో చికిత్స తీసుకున్నవాళ్లను ఆ తర్వాత 15 ఏళ్ల పాటు గమనిస్తూ ఉంటారు. అన్నేళ్లు వెళ్లి రావడానికి సిద్ధమేనా? పైగా, ఏ రకమైనా ఇప్పటికే పాడైన మోకాలు తిరిగి రాదు. ఫిజియోథెరపీ మానడానికి లేదు.

కన్సెంట్ ఫారం, అంటే మీరు సంతకం పెట్టే సమ్మతి పత్రం, తెలుగులో ఇమ్మని అడగండి, ఇంటికి తెచ్చుకుని నెమ్మదిగా చదవండి. అక్కడికక్కడ సంతకం పెట్టమంటే పెట్టకండి. అందులో ముఖ్యంగా వెతకాల్సింది హాని జరిగితే ఏంటన్న భాగం. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం ఇవ్వాలి, శాశ్వత వైకల్యం వచ్చినా, ప్రాణం పోయినా పరిహారం ఇవ్వాలి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా ఫారంలో ఉండాలి, అది మీ పక్షాన ప్రశ్నించే చోటు. ట్రయల్ అయిపోయాక మందు పనిచేయకపోతే ఫ్యాక్టర్ ఎక్కడి నుంచి వస్తుంది అన్నది కూడా రాసి ఉందా చూడండి. నోటి మాట పనికిరాదు.

తమ్ముడిని ఇంకో విషయం అడుగు. ఇప్పుడు రెగ్యులర్‌గా ప్రొఫిలాక్సిస్, అంటే బ్లీడ్ రాకుండా ముందే ఇచ్చే మందు, తీసుకుంటున్నాడా, లేక బ్లీడ్ వచ్చాకే వెళ్తున్నాడా? బ్లీడ్ వచ్చాకే అయితే, తక్కువ డోస్‌తోనైనా వారానికి రెండుమూడుసార్లు ఫ్యాక్టర్ తీసుకుంటే చాలా తేడా ఉంటుంది. ఎమిసిజుమాబ్ అనే చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ మన దేశంలో ఉంది, కేరళలో 18 ఏళ్లలోపు పిల్లలకు ప్రభుత్వమే ఇస్తోంది. ఖరీదైనదే, అయినా మీ డాక్టర్‌ని అడగండి. ఉన్న వైద్యం సరిగ్గా వాడితేనే కుదుటపడే మనిషి, అది చూడకుండా ట్రయల్‌కి పరుగెత్తాల్సిన పని లేదు. అన్నీ చూశాక కూడా వెళ్తానంటే వెళ్లనివ్వండి. 24 ఏళ్ల మనిషి, శరీరం అతనిది. అమ్మ ఒప్పుకోవాలని కోరుకోండి, కానీ ఆమె కన్నీళ్లతో అతన్ని ఆపకండి.

ఇక నీ పెళ్లి సంగతి. ఫ్యాక్టర్ 8 జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అమ్మ క్యారియర్ అయితే, అంటే మారిన జీన్‌ని పిల్లలకు అందించగల మనిషి అయితే, నువ్వూ క్యారియర్ అయ్యే అవకాశం సగం. అమ్మ క్యారియర్ కాకపోవచ్చు కూడా, దాదాపు మూడోవంతు కేసుల్లో కుటుంబంలో ముందెవరికీ ఉండదు. నీ వల్లే వచ్చిందని అమ్మను ఎవరూ ఒక్క మాట అనకుండా చూడు. నాకు కూతురు. తండ్రికి హీమోఫీలియా ఉంటే కూతురు తప్పకుండా క్యారియరే, కాబట్టి ఆ అమ్మాయికి వయసొచ్చాక చెప్పాల్సింది మేమే చెప్తాం, ఇంకెవరి ద్వారానో తెలియనివ్వం. నీ విషయం పరీక్షతో తేలిపోతుంది, దానికి ముందు తమ్ముడిలో జీన్ ఎక్కడ మారిందో తెలియాలి. జీన్ థెరపీ ట్రయల్‌లో సాధారణంగా ఆ పరీక్ష చేస్తారు. అతను చేరినా చేరకపోయినా ఆ రిపోర్ట్ కాపీ అడిగి తీసుకో. అది పట్టుకుని హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లు. సంబంధం మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకు ఏం చెప్పాలో ఆ రిపోర్ట్ వచ్చాక ఆలోచిద్దాం, అంతవరకు పెళ్లి చూపులు ఆపాల్సిన అవసరం లేదు.